సహజభేదము, సకారణభేదము



ఒకే కుమ్మరి ఒకే సారెపై జేసిన కుండలు రెండైనను సరిగా నొక్కతీరున నుండవు. భేదము ప్రకృతిధర్మము. అట్లయినచో ప్రతి భేదమునకును పనివానిని నిందించుట న్యాయమా?

టెలిఫోను పరికరములను దయారుచేయుచుండిన నాటి అమెరికా సంస్థయగు వెస్టరన్ ఎలక్ట్రిక్‌లో వాల్టర్ షూహార్ట్ 1924వ సంవత్సరము మే 16వ తేదీని ఒక పటము గీచి యీ ప్రశ్నకు సమాధాన మొసంగెను. దాని విధానము సులభము. నియతకాలమున కొకమారు నాలుగైదు వస్తువులను గొలిచి, వాని సగటును బిందువుగా గుర్తింపవలెను. నడుమ సగటురేఖ, పైనను, క్రిందను ఆ సగటుల ప్రామాణిక విచలనమునకు మూడురెట్ల దూరమున హద్దురేఖలు. ఈ హద్దులు యజమాని కోరికనుబట్టి గాక, ఆ పనియొక్క చలనమునుబట్టియే యేర్పడును.

బిందువు హద్దు దాటెనా, అరిగిన పనిముట్టో, మారిన ముడిసరుకో, కారణమును వెదుకవలెను. బిందువులు హద్దులలోనే క్రమము లేక చలించుచున్నచో యంత్రమును మాటిమాటికి సవరింపరాదు. సవరించిన భేదము హెచ్చును. అప్పటికిని సరకు తృప్తికరముగా లేనిచో మార్పవలసినది పనివానిని గాదు, పద్ధతిని.

నిన్న ఐదు తప్పులు, నేడు ఏడు తప్పులు వ్రాసినాడని యొక బాలుని నేను బెత్తముతో గొట్టితిని. నాడే యీ పటము గీచియుండినచో, దిద్దవలసినది నా బోధనయేమో యని తోచియుండెడిది.