వంశం తెలుసుకోవటం గర్వానికి కాదు, బాధ్యతకు

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కలుగుగాక!



బంధుత్వాలను కలిపి ఉంచుకోవటానికి కావలసినంత మేరకు మన వంశాన్ని తెలుసుకోవాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. మానవులు జాతులుగా, తెగలుగా చేయబడింది పరస్పర పరిచయం కోసమేనని, అల్లాహ్ సన్నిధిలో గౌరవం భయభక్తులకేనని సూరా హుజురాత్ 13వ ఆయతు బోధిస్తున్నది. కనుక వంశజ్ఞానం హక్కులు నెరవేర్చటానికే. ఆధిక్యం చాటుకోవటానికి కాదు.

ముంబయి మహానగరంలోని మదన్‌పురాను చూడండి. 1857 తిరుగుబాటు తరువాతి దశాబ్దాల్లో ఆజంగఢ్, మవ్, ముబారక్‌పూర్ ప్రాంతాల ముస్లిం నేతగాళ్ళు పెద్దసంఖ్యలో పడమటికి తరలిపోయారు. ఒకవైపు అణచివేత, మరొకవైపు మిల్లుబట్ట పోటీ వారి మగ్గాలను కుంగదీశాయి. కొందరు మాలేగావ్, భివండీలలో మగ్గాలు నిలుపుకున్నారు. కొందరు మదన్‌పురాలో స్థిరపడ్డారు. తెలంగాణ పద్మశాలీలు కూడా పొట్ట చేతబట్టుకొని భివండీ చేరి, వారి పక్కనే మరమగ్గాలు నడిపారు.

ఈ నేతగాళ్ళను లోకం 'జులాహా' అని చులకనగా పిలిచింది. వారు తమను మోమిన్లమని చెప్పుకున్నారు. తరువాత అన్సారీ అనే పేరును విస్తృతంగా స్వీకరించారు. మదీనా అన్సార్లపై ప్రేమతో పేరు పెట్టుకోవటం వేరు. ఆధారం లేకుండా ఒక సహాబీ సంతతివారమని షజరా రాయించుకోవటం వేరు. తన తండ్రి కానివానిని తెలిసీ తండ్రిగా చెప్పుకునేవానికి స్వర్గం నిషిద్ధమని హదీసు హెచ్చరిస్తున్నది. హజ్రత్ జైద్ (రజి) ను ప్రజలు 'ముహమ్మద్ కుమారుడు' అని పిలిచేవారు. అంతకు మించిన గౌరవం మరేముంటుంది? అయినా అల్లాహ్ ఆజ్ఞ రాగానే ఆయన తిరిగి 'హారిసా కుమారుడు జైద్' అయ్యారు.

మన తెలుగునేలపై దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల సంగతీ ఇంతే. దూది ఏకిన తాతను పట్నంలో వియ్యంకుల ముందు దాచవలసిన అవసరమేమిటి? హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) తమ చేతి కష్టాన్నే భుజించారు. ఒక స్త్రీ స్వహస్తాలతో నేసి తెచ్చిన దుప్పటిని దైవప్రవక్త (స) స్వీకరించి ధరించారు. వృత్తిని ఎంచి సంబంధాలను తిరస్కరించేవారు ఈ విషయం ఆలోచించాలి.

సోదరులారా! వలస వచ్చిన కుటుంబంలో మూడవ తరానికి ఊరి పేరు మరుగవుతుంది. అందుకే వృద్ధులు బ్రతికి ఉండగానే అడిగి రాసుకుందాం. నాన్న వైపు, అమ్మ వైపు, ఇరువైపుల తాతముత్తాతల పేర్లు, ఊరు, మసీదు, ఖబ్రస్తాన్ నమోదు చేద్దాం. పాత నికాహ్‌నామాలు, భూమి దస్తావేజులు సరిచూద్దాం. రెండు కథనాలుంటే రెండూ రాద్దాం. తెలియనిచోట ఖాళీ వదులుదాం. ఆ ఖాళీని అబద్ధంతో నింపటం కంటే అదే మేలు.

ఇలా వెదికినప్పుడు ఊరిలో మిగిలిపోయిన ఒక మేనత్త బయటపడవచ్చు. తాత ఆస్తిలో ఆమెకు చెందవలసిన వాటా నేటికీ అందలేదని తెలియవచ్చు. తల్లిదండ్రులు, బంధువులు విడిచిన ఆస్తిలో, అది కొంచెమైనా ఎక్కువైనా, పురుషులకు భాగమున్నట్లే స్త్రీలకూ భాగమున్నదని సూరా నిసా ప్రకటించింది. ఆ వాటా చెల్లించకుండా గోడకు షజరా వ్రేలాడదీసుకుంటే ఏమి ప్రయోజనం? ఆచరణ వెనుకకు లాగినవానిని వంశం ముందుకు నడపదని దైవప్రవక్త (స) సెలవిచ్చారు.

కనుక ఈ వారమే ఒక పెద్దమనిషి దగ్గర కూర్చుందాం. తెగిన ఒక బంధుత్వాన్ని కలుపుదాం, చెల్లించవలసిన హక్కును చెల్లిద్దాం.

ఓ అల్లాహ్! మా పూర్వీకులను క్షమించు. మాకు సత్యం పలికే నాలుకను, బంధుత్వాలు నిలిపే హృదయాన్ని ప్రసాదించు. ఆమీన్.