లోతు తెలిసినవాడికి ఇవ్వవలసిన కూలి

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా చీరాలలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజున కరువుభత్యం బకాయిల గురించీ, హెల్తుకార్డుల గురించీ మాట్లాడవలసినవారు నాకంటే బాగా మాట్లాడారు. రిటైరయిన తరువాత కాలక్షేపం ఎలా అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. నేను చెప్పబోయేది చేపల వేట గురించి. ముప్పయ్యారేళ్ళు ఫైళ్ళు కట్టినవాడికి గాలంతో పనేమిటని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి గాని, చివరిదాకా వినండి. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉన్నది. దాన్ని మీ ముందు ఒప్పుకోవాలనే వచ్చాను.

మన వాడరేవు నుంచి సూర్యలంక మీదుగా కృష్ణ మొగ దాకా ఉన్న సముద్రాన్ని పటాల్లో నిజాంపట్నం అఖాతం అని రాస్తారు. ఇది లోతు తక్కువ సముద్రం. కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రు, డ్రెయిన్లు మోసుకొచ్చే బురద ఇక్కడ పరుచుకొని ఉంటాయి. రేపల్లె దిగువన మడ అడవుల మధ్య పాయలు పాయలుగా ఉప్పునీరు లోపలికి వస్తుంది, పోతుంది. నిజాంపట్నానికి పాత పేరు పెద్దపల్లి. దాన్ని దొరలు పెటపోలి అన్నారు. 1606లో డచ్చివారు అక్కడ వర్తకస్థానం పెట్టారు. 1611లో ఇంగ్లీషువారి గ్లోబు అనే ఓడ వచ్చింది. అంత దూరం సముద్రాలు దాటి వచ్చిన ఓడ అయినా ఇక్కడి బురద మేటల మీదికి రాలేదు గదా. ఒడ్డుకు దారి చూపడానికి మన పడవవాడే దిక్కయి ఉంటాడు. నాలుగువందల ఏళ్ళు దాటినా ఆ మాటలో మార్పు లేదు. ఈ నీళ్ళలో దారి తెలియాలంటే పడవవాడే చెప్పాలి.

2011 జనవరిలో నేనూ, నాతోపాటు పనిచేసిన ఒక మిత్రుడూ (ఆయన ఇప్పుడు లేరు) బాపట్ల మీదుగా నిజాంపట్నం వెళ్ళాము. పాయల్లోకి తీసుకువెళ్ళి గాలం వేయిస్తానన్న ఒక నావ పెద్దను మాట్లాడుకున్నాము. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. పన్నెండు వందలు అడిగాడు. మేము ఏడు వందలకు బేరం ఆడాము. జీవితమంతా కొటేషన్లు పిలిచి తక్కువ రేటుకు ఖాయం చేసినవాళ్ళం, ఊరుకుంటామా? అయిదు వందలు మిగిల్చామని మిత్రుడూ నేనూ సంతోషించాము.

ఆ ఉదయం అతను చూపిన విద్య నాకు ఇప్పటికీ గుర్తు. పోటు మీద పాయలోకి వెళ్ళాలి, పాటు తీసేటప్పుడు పాయ నోటి దగ్గర కాచుకోవాలి అన్నాడు. ఎందుకని అడిగాను. నీళ్ళు వెనక్కి తీసేటప్పుడు మడ వేళ్ళలో దాగిన చిన్న రొయ్యలూ పరిగెలూ నీటితోపాటు బయటికి రాక తప్పదు, పండుగప్పలు నోటి దగ్గర నిలబడి వాటికోసం చూస్తూ ఉంటాయి అన్నాడు. పోటు వేళ రోజుకు ముప్పావుగంట పైచిలుకు వెనక్కి జరుగుతుందని, అమావాస్య పున్నములకు నీళ్ళు ఎక్కువ ఎక్కి ఎక్కువ తీస్తాయని, అష్టమి ప్రాంతంలో మందంగా ఉంటాయని చెప్పాడు. గెడ వేసి అడుగున ఇసుకో బురదో చేతితోనే చెప్పేవాడు. ఆ రోజు పున్నమి మరునాడు.

గాలానికి ఒక పండుగప్ప పడింది, రెండోది తెంపుకుపోయింది. మాకు ఆశ పుట్టింది. అతను ఆకాశం వైపు, నీళ్ళ వైపు చూసి, "అయ్యగారూ, పాటు గట్టిగా తీస్తా ఉంది. ఇప్పుడు బయల్దేరకపోతే బురదలో కూకుంటాం" అన్నాడు. "ఇంకొక్క అరగంట ఆగవోయ్, డబ్బులిస్తున్నాం గదా" అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే. మిత్రుడు కాదు.

అరగంట తరువాత నావ అడుగు నేలకు తగిలింది. మరి కాసేపటికి చుట్టూ నీళ్ళు లేవు, మోకాలి లోతు బురద ఉంది. దిగి నడుద్దామంటే అతను ఒప్పుకోలేదు. బురదలో టేకు చేప పడుకొని ఉంటుంది, కాలు వేస్తే ముల్లు దించుతుంది అన్నాడు. దిగక తప్పనప్పుడు అడుగు ఎత్తి వెయ్యకుండా, నేలకు రాస్తూ జరపాలని, అలికిడికి అది తప్పుకుంటుందని చెప్పాడు. మళ్ళీ పోటు వచ్చేదాకా దాదాపు అయిదారు గంటలు ఎండలో కూర్చున్నాము. మా సీసాలో నీళ్ళు అయిపోయాయి. అతను తన క్యారియరులోని చద్దన్నం మూడు భాగాలు చేసి, మా ఇద్దరికీ పెట్టి తాను తిన్నాడు. ఒక్క మాట అనలేదు. ఆ రోజు మధ్యాహ్నం అతను వేయవలసిన వల వేయలేకపోయాడని మాకు ఒడ్డున వేరే వాళ్ళు చెబితే తెలిసింది.

ఒడ్డుకు చేరాక ఏడు వందలు లెక్కపెట్టి ఇచ్చాము. అనుకున్నంత ఇచ్చాము. ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వలేదు. రసీదు అడగలేదు, అదే పెద్ద ఉదారం అనుకున్నామేమో! అదీ నా తప్పు.

2017లో మా అమ్మాయి వాళ్ళున్న హ్యూస్టనుకు వెళ్ళినప్పుడు, నాకు గాలం పిచ్చి ఉన్నదని మా అల్లుడు కార్పస్ క్రిస్టీ దగ్గర లగూనా మాద్రే అనే అఖాతానికి తీసుకువెళ్ళాడు. అదీ మనదానిలాగే లోతులేని ఉప్పునీరు. చాలా చోట్ల నిలబడితే నడుముకు మించదు. అక్కడ దారి చూపి వేట చేయించడమే ఒక ఉద్యోగం. దానికి కోస్టుగార్డు ఇచ్చే కెప్టెన్ లైసెన్సు ఉండాలి, రాష్ట్రప్రభుత్వం ఇచ్చే గైడు లైసెన్సు ఉండాలి. గాలం వేసే మాబోటివాళ్ళూ లైసెన్సు కొనాలి. అల్లుడు ఆ ఒక్క రోజుకు అయిదు వందల డాలర్ల పైచిలుకు ఇచ్చాడు, బేరం లేదు. ఆ గైడు చెప్పిన మొదటి జాగ్రత్త ఏమిటో తెలుసునా? నీళ్ళలో దిగితే అడుగు ఎత్తవద్దు, నేలకు రాస్తూ జరపండి అన్నాడు. కారణం టేకు చేపే. నాకు గుండెలో కలుక్కుమంది. అదే విద్య నిజాంపట్నం మనిషి నాకు చద్దన్నంతో సహా చెప్పాడు.

అక్కడ ముఖ్యంగా వేటాడేది ఎర్రచేప అని పిలిచే ఒక చేప, మన గొరకల వంశానిది. ఒకప్పుడు వలలతో ఊడ్చి అమ్మడంతో అది తగ్గిపోయింది. 1981లో టెక్సాస్ శాసనసభ ఆ చేపను పట్టి అమ్మడం నిషేధించింది. మనిషికి రోజుకు మూడే. ఇరవై అంగుళాల లోపుదాన్ని వదలాలి, అది పిల్ల. ఇరవై ఎనిమిది దాటినదాన్ని కూడా, లైసెన్సుతో ఇచ్చే చీటీ కడితే తప్ప, వదలాలి, అది తల్లి. పడవ మర నీటి అడుగున గడ్డిని పెకలించినా 2013 నుంచి నేరమే. నేను పట్టినదాన్ని గైడు బద్ద పెట్టి కొలిచి, ముప్పయి ఉన్నదని నీళ్ళలో వదిలేశాడు. ముందు నాకు ఉసూరుమంది. తరువాత ఆలోచించాను. అతను ఎందుకు వదలగలిగాడు? అతని కూలి చేపలో లేదు, అతని విద్యలో ఉన్నది. అది ముందే ముట్టింది.

మన పండుగప్ప సంగతి కూడా అప్పుడే చదివి తెలుసుకున్నాను. ఇదే చేపను ఆస్ట్రేలియాలో బారమండి అంటారు. ఇది మొదట మగచేపగా ఈడుకు వస్తుంది. ఏళ్ళు గడిచి బాగా పెరిగాక ఆడచేపగా మారుతుంది. అంటే పెద్ద పండుగప్పలన్నీ దాదాపు తల్లులే. మొగల దగ్గర ఉప్పునీటిలో గుడ్లు పెడతాయి, పిల్లలు పాయల్లోకి, మడల్లోకి చేరి పెరుగుతాయి. అందుకే క్వీన్స్‌లాండులో 58 సెంటీమీటర్ల లోపుదాన్నీ పట్టరాదు, 120 దాటినదాన్నీ పట్టరాదు. మన దేశంలో కేరళవారు 2015లో కొన్ని చేపలకు కనీసపు కొలత పెట్టారు. మనం మాత్రం ఎంత పెద్దది పడితే అంత గొప్ప అనుకుంటాము.

2020 జనవరిలో మళ్ళీ నిజాంపట్నం వెళ్ళాను. అతన్ని వెతికి పట్టుకున్నాను. ఈసారి ఏమోయ్ అనలేదు, తమ్ముడూ అన్నాను. రోజుకు మూడు వేలు, డీజిలు ఖర్చు అందులోదే, చిన్న చేపలన్నీ నీవే, మూడడుగులకు దగ్గరైన పండుగప్ప పడితే మాత్రం వదలాలి అని ముందే మాట అనుకున్నాము. డీజిలుకు అయిదు వందలు అప్పటికప్పుడు ఇచ్చాను. అతను నవ్వి, "మీరు వదిలితే రేపు ఇంకోడి వల్లో పడుద్ది గదా అన్నా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

పాటు మొదలైన గంటకు పడనే పడింది. తంగీసు దారం నా చేతులు కోసింది. నావ పక్కకు తెచ్చేసరికి మూడడుగులు ఉన్నది. ఒడ్డుకు తెస్తే అయిదు వేలకు తగ్గదని అతను అన్నాడు. నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు! మూడు వేలు ఇచ్చి అయిదు వేల చేపను వదలమంటున్నాను. నెలనెలా బ్యాంకులో పెన్షను పడేవాడికి తల్లిచేప మీద దయ చూపించడం తేలిక. ఆ దయకు డబ్బు కట్టవలసింది అతను. "నీ ఇష్టం తమ్ముడూ" అన్నాను. అతను కాసేపు దాని వంక చూశాడు. తరువాత గాలం తీసి, రెండు చేతులతో నీళ్ళలో పట్టుకొని, అది తేరుకొని తోక ఆడించేదాకా ఉండి, వదిలాడు. "మాటనుకున్నాం గదా" అన్నాడు, అంతే.

ఒడ్డున అతని చేతిలో అయిదు వేలు పెట్టాను. లెక్కపెట్టుకొని అయిదు వందలు తిరిగి ఇచ్చాడు. డీజిలు డబ్బు ముందే ఇచ్చారు గదా అన్నాడు. మన ఆఫీసులో అంత సరిగా అడ్వాన్సు సర్దుబాటు చేసినవారు ఎందరున్నారో మీరే చెప్పండి. 2011 నాటి సంగతి ఎత్తి, ఆ రోజుకు తప్పయిందన్నాను. అతనికి ఆ రోజు గుర్తున్నది. "పోటు వచ్చింది గదా, బయటపడ్డాం" అన్నాడు.

మీలో ఎవరికైనా సరదా ఉంటే కొన్ని జాగ్రత్తలు మనవి చేస్తాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు మర ఉన్న పడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో పడవవాణ్ణి ఆశపెట్టి తీసుకుపోవద్దు, పట్టుబడితే నష్టపోయేది అతనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత బాధితుల జాబితాలు రాసినవాళ్ళం ఈ సభలో కొందరం ఉన్నాము. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. జనవరి నుంచి మార్చి దాకా మేలు. 1989లో ఏర్పడిన కృష్ణా అభయారణ్యం హద్దుల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా పోవద్దు. గాలిచొక్కా తొడుక్కోకుండా నావ ఎక్కవద్దు. బి.పి. మాత్రలు, మంచినీళ్ళు మరువవద్దు. జెల్ల చేపను ఉత్తచేత్తో పట్టవద్దు. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో పెట్టి, డాక్టరు దగ్గరికి పోవాలి. అన్నిటికంటే ముఖ్యం, పడవవాడు వెనక్కి పోదామంటే మారుమాట లేకుండా పోవాలి.

చివరగా ఒక్క మాట. ఈ డిసెంబరు 17ను మనం ఎందుకు జరుపుకుంటున్నాము? 1982లో ఇదే రోజున డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు హక్కుగా రావలసినది అని చెప్పింది. ఆ తీర్పును మనం ఏటేటా తలుచుకుంటాము. మనకు రావలసినదానికి అర్జీలు పెడతాము, పెట్టాలి కూడా. కాని మనం ఇవ్వవలసిన చోట ఆ న్యాయం మరిచిపోతాము. పడవవాడికి కట్టేది పడవ అద్దె కాదు. తాతల నాటి నుంచి నీళ్ళలో నేర్చుకున్న విద్యకు కూలి. దాన్ని బేరమాడి తగ్గించి, మిగిల్చామనుకున్న నా అయిదు వందలు ఎక్కడ ఖర్చయినాయో నాకు గుర్తు లేదు. ఆ చద్దన్నం మాత్రం గుర్తుంది.