విచారణ తరువాతనే నిర్ణయం



విభీషణుడు శరణు కోరి వచ్చినప్పుడు శ్రీరామచంద్రుడు వెంటనే ఔననలేదు, కాదనలేదు. అందరి అభిప్రాయమూ అడిగాడు. శత్రువు తమ్ముడు గనుక వధించాలన్నాడు సుగ్రీవుడు. గుణదోషాలు తూచమన్నాడు అంగదుడు. చారుని పంపమన్నాడు శరభుడు. హనుమంతుడు మాత్రం, వచ్చినవాని ముఖం ప్రసన్నంగా ఉన్నదనీ, మాటలో దుష్టభావం కనిపించలేదనీ తాను గమనించినది విన్నవించాడు. అన్నీ విని, తన శరణాగతరక్షణ వ్రతాన్ని స్మరించి, స్వామి అభయమిచ్చాడు.

మన జీర్ణోద్ధరణలోనూ, కారుతున్న ముఖమండపాన్ని పడగొట్టాలని పెక్కుమంది కోరారు. నేనూ వారిలో ఒకడినే. నీరు ఎక్కడినుండి దిగుతున్నదో చూశారా అని స్థపతిగారు ప్రశ్నించారు. చూడగా దోషం రాళ్లది కాదు, కప్పుపై పూడిపోయిన తూముది! ఆ ఒక్క ప్రశ్నతో పూర్వుల మండపం నిలిచింది. ప్రశ్న భక్తికి విరోధి కాదు, రక్ష.

స్వస్తి.