ప్రింటర్ బాగుచేసే పని

ఇంజినీరింగ్ పూర్తిచేసిన మన బడి పిల్లలు కొందరు ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల గురించి అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

1970లో ఏర్పడిన కార్యక్రమం అది. ప్రధాన కార్యాలయం జర్మనీలోని బాన్‌లో ఉంది. అందులో ఐటీ సపోర్టు అంటే పెద్ద సాఫ్ట్‌వేర్ రాయడం అనుకోకండి. పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లకు కొత్తది ఇవ్వడం, తెగిన కేబుల్ బిగించడం, యూపీఎస్ బ్యాటరీ చూడటం, వర్షానికి ఉపగ్రహ సిగ్నల్ పోతే వచ్చేదాకా కాచుకుని కూర్చోవడం. చిన్నపనే. కానీ శరణార్థి శిబిరంలో రేషన్ జాబితా తీయాల్సిన ప్రింటర్ మొరాయిస్తే బయట ఎండలో వరుస కదలదు. మన ఆఫీసులో ప్రింటర్ ఆగితే మనం టీ తాగి వస్తాం!

“జీతమెంత?” అని అమ్మానాన్నలు అడుగుతారు. అడగాలి కూడా. జీతం ఉండదు, నెలనెలా బతకడానికి భత్యం ఇస్తారు. గడువయ్యాక ఉద్యోగమిస్తామన్న హామీ లేదు. ఇంటిమీద అప్పుంటే ముందు ఉద్యోగమే చూసుకోండి, అందులో నామోషీ లేదు. ఊరు కదలలేనివాళ్లు ఆన్‌లైన్‌లోనూ సేవ చేయొచ్చు. దానికి భత్యం కూడా ఉండదు.

వెళ్లేవాళ్లకు ఒక్కమాట. రూటర్ మీరే సరిచేసి లేచిపోకండి. అక్కడి కుర్రవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వాడిచేతే చేయించండి. ఏ వైరు ఎక్కడికి పోతుందో వాళ్ల భాషలో రాయించి గోడకు అంటించండి. మీరు వచ్చేశాక ఆ గదిలో మిగిలేది ఆ కుర్రాడు, ఆ కాగితమే.

దరఖాస్తు సంగతులు కావాలన్నవాళ్లు భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి.