నిస్తంత్రి వార్తలు - రహస్య రక్షణ
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు పంచాయతీ వ్యవహారములలో పెక్కు భాగము చేతిలోని ఫోను ద్వారా జరుగుచున్నది. పింఛనుదారుల ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతాల వివరములు, కూలీల హాజరు పట్టికలు గాలిలో ప్రయాణము చేయుచున్నవి. ఈ మార్గమున పరుల చెవి ఎచ్చట పడగలదో మనమందరము తెలిసికొనుట అవసరము.

తీగపై పోవు వార్తను వినగోరువాడు తీగ వద్దకు పోవలెను. నిస్తంత్రి వార్త అట్లు కాదు. అది నలుదిక్కులకు వ్యాపించి, తగిన యంత్రము గల ప్రతివానికి అందును. 1914 ఆగస్టులో టానెన్‌బర్గ్ యుద్ధమున రష్యా సేనానులు కొన్ని ఆజ్ఞలను గూఢలిపి లేకయే నిస్తంత్రి ద్వారా పంపిరి. జర్మనులు వానిని విని, రష్యా రెండవ సైన్యమును చుట్టుముట్టి ఓడించిరి.

కావున రక్షణ అంతయు గూఢలిపిలో నున్నది. సామాన్యమైన వాకీటాకీలో అది లేదు. జాతరలలో, వరదల వేళ దాని ఉపయోగము గొప్పదే. కాని అందు మాటలాడుట దండోరా వేయుటతో సమానము. కొన్నిటిలో ‘ప్రైవసీ కోడు’ అను ఏర్పాటు కలదు. అది ఇతరుల మాటలు మనకు వినబడకుండ చేయునే కాని, మన మాటలు ఇతరులకు వినబడకుండ చేయదు.

సెల్‌ఫోనులో ఫోను నుండి టవరు వరకు గూఢలిపి కలదు. అయితే 2జి పద్ధతిలోని ఎ5/1 అను గూఢలిపిని ఛేదింపవచ్చునని పరిశోధకులు 2009లో బహిరంగముగా చూపిరి. పైగా ఆ పద్ధతిలో టవరు ఫోనును పరీక్షించును గాని, ఫోను టవరును పరీక్షింపదు. కావున దొంగ టవరు అసలు టవరువలె నటింపగలదు. 3జి, 4జి పద్ధతులలో ఈ పరీక్ష ఇరువైపుల జరుగును. ఐనను ఎస్సెమ్మెస్ పోస్టుకార్డు వంటిదే. టవరు దాటిన పిమ్మట కంపెనీ యంత్రములలో చదువదగిన రూపముననే యుండును.

సిగ్నల్, వాట్సాప్ వంటి సాధనములలో వార్తకు పంపువాని ఫోనులో తాళము పడి, అందుకొనువాని ఫోనులోనే తెరువబడును. వాట్సాప్‌లో ఈ ఏర్పాటు 2016లో పూర్తియైనది. నడుమ పొంచియున్నవానికి ఒక్క అక్షరమైనను తెలియదు.

కాని దారి భద్రమైనంత మాత్రమున ఇల్లు భద్రము కాదు. ఊరివారందరు చేరిన గ్రూపులో లబ్ధిదారుల పట్టికను ఉంచినచో తాళము వలన ప్రయోజన మేమి? బ్యాంకు ఉద్యోగినని నమ్మించి ఓటీపీ అడుగువానికి ఏ గూఢలిపియు అడ్డు రాదు.

కావున మనము పాటింపదగిన నియమములు స్వల్పము. ఆధారు, ఖాతా సంఖ్యలను వాకీటాకీలోను, ఎస్సెమ్మెస్‌లోను, గ్రూపులలోను పంపరాదు. అవసరమైనవానికి మాత్రమే, అవసరమైనంత మాత్రమే పంపవలెను. ఫోనుకు తాళము వేసికొనవలెను. ఓటీపీని ఎవరికిని చెప్పరాదు. పింఛను పొందు వృద్ధులకును ఈ మాట చెప్పవలెను.

పరుల వార్తలను అక్రమముగా వినుట 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము ప్రకారము శిక్షార్హమైన నేరము. కాని శిక్ష పడునది నష్టము జరిగిన తరువాతనే. ప్రజలు తమ వివరములను మనయందలి నమ్మకముతో ఇచ్చిరి. వానిని కాపాడుట గ్రామ నిధిని కాపాడుట వంటి బాధ్యతయే.