ఎముక పక్కనున్న గీత
(అధ్యక్షోపన్యాసం)



పసుపు పండే ఊళ్ళో సభ పెట్టి, అధ్యక్షుణ్ణి పసుపు గొప్ప చెప్పమనకపోవడం నిర్వాహకుల మర్యాద. ఆ లోటును నిన్నటి పత్రాలు తీర్చేశాయి. పసుపులోని కర్‌క్యుమిన్ ఇన్‌ఫ్లమేషన్‌ను అణుస్తుంది కాబట్టి ధమనుల్లో సున్నం పేరుకోదట! జక్రాన్‌పల్లి రైతు కొమ్ముకూ గోళకూ ధర తేడా ఠక్కున చెబుతాడు. గాజుపళ్ళెంలో పెంచిన కణానికీ, మింగింది రక్తంలోకి సరిగా చేరని మనిషికీ తేడా మన వక్తలు చెప్పలేదు.

1993లో లాస్ ఏంజెలెస్‌లో డెమర్ బృందం ధమని పూడికలో ఎముకను పెంచే బీఎంపీ-2ను చూపించాక, ఇది కణం పూనుకుని చేసే పనేనని అందరం ఒప్పుకున్నాం. 2000లో అక్కడి నుంచే టిన్‌టట్, ఇన్‌ఫ్లమేషన్‌ను రేపే టీఎన్ఎఫ్-ఆల్ఫా ఆ పనిని ఎగదోస్తుందని తేల్చారు. ఇన్‌ఫ్లమేషన్ పక్షంవారు అక్కడే బస చేశారు. అంతకు ఏడాది ముందే జపాన్ నుంచి వచ్చిన పత్రం జోలికి పోరు. పశువుల ధమని కండరకణాలకు డెక్సామెథసోన్ ఇస్తే సున్నం పెరిగింది. ఇన్‌ఫ్లమేషన్‌ను అంత గట్టిగా అణిచే స్టెరాయిడే కణాన్ని ఎముక దారి పట్టిస్తుంటే, మీ సూత్రం ఎక్కడ నిలుస్తుంది?

నా మటుకు అసలు పెత్తనం ఫాస్ఫరస్‌ది, దాని చుట్టూ తిరిగే హార్మోన్లది. సున్నం పట్టకుండా కణం తనకు తాను వేసుకునే పీటీహెచ్‌ఆర్‌పీ అనే ప్రొటీన్ కళ్ళేన్ని విటమిన్ డి హార్మోన్ సడలిస్తుంది. ఫాస్ఫరస్ మితిమీరితే మనిషి కండరకణమే ఎముక గుణాలు తెచ్చుకుంటుందని 2000లో జోనో, జియాచెల్లి చూపించారు. ఆ ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి లోకానికిచ్చింది మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన లెడర్లీ ప్రయోగశాల బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌నే ఇన్‌ఫ్లమేషన్‌ను అణిచేందుకు గుండెజబ్బు మీద చిన్న మోతాదులో వాడి చూశారు. 2018 చివర ఫలితం చెప్పారు: పనిచేయలేదు. ఇన్‌ఫ్లమేషన్‌ను అణిచే మరో మందు కనాకినుమాబ్ 2017లో గెలిచింది కదా అంటారు. గెలిచింది గుండెపోట్ల లెక్కలో, సున్నం లెక్కలో కాదు.

నా సాక్ష్యమూ పళ్ళెంలోదే కదా అని వెనక వరుసలో ఎవరో గొణుగుతున్నారు. నిజమే. అందుకే మనుషుల్లోనే చూద్దామనే నా పాత గోల మళ్ళీ ఎత్తుకుంటున్నాను.

1955లో సిద్దిఖీ నల్గొండ ఫ్లోరోసిస్‌ను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కెక్కించారు. ఆ జబ్బున్నవారిలో కొందరికి, ఫాస్ఫరస్‌ను నడిపే పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తుందని మీకు తెలుసు. ఎముకల కోసం వాళ్ళకు తీసిన ఎక్స్‌రేల్లో, ముంజేతి ఎముక పక్కన, రైలు పట్టాల్లా రెండు సన్నగీతలున్నాయా? ఉంటే అది మధ్యపొరలో సున్నం పట్టిన ధమని. ఫిల్మును వెలుగుపెట్టె మీద పెట్టి ఎముక మీంచి కాస్త చూపు పక్కకు తిప్పితే చాలు. నేనొకచోట అడగబోయేసరికి పాత ఫిల్ములన్నీ వెండి తీసేవాళ్ళకు కిలోల లెక్కన అమ్మేశారు. ఆసుపత్రి పేరెందుకు గానీ, రసీదు మాత్రం భద్రంగా ఉంచారు.

రేపటి తీర్మానాల్లో పసుపు పరిశోధనకు నిధులు అడుగుతారని విన్నాను. అడగండి. అదే కాగితం మీద ఒక స్కానరు, ఇద్దరు కుర్రాళ్ళ జీతం కూడా రాయండి. నల్గొండలో మిగిలిన ఫిల్ములు, కిడ్నీ జబ్బు ప్రబలిన ఉద్దానంలో డయాలిసిస్ మీదున్నవారి చేతుల ఎక్స్‌రేలు వాళ్ళు పోగుచేస్తారు. పక్కన వయసు, క్రియాటినిన్, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోన్ (పీటీహెచ్) దొరికినంతవరకు రాయాలి. చక్కెర జబ్బున్నవారి ఫిల్ములు వేరే కట్టలో పెట్టాలి, ఆ గీత వాళ్ళకు ఎటూ రావచ్చు.