కారులో కెమెరా: కంటికి అడ్డురాకుండా, వైరు కనబడకుండా

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రుణాల విభాగం మనిషికి కార్లతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. సెలవురోజుల్లో మిత్రుల కార్లకు డ్యాష్ క్యామ్‌లు బిగించడం నాకు అలవాటు. అది తెలిసి నిర్వాహకులు నన్ను మాట్లాడమన్నారు. పైగా మన కార్లలో చాలావరకు స్టాఫ్ లోనుతో కొన్నవే కదా, ఆ మాత్రం సంబంధం ఉంది!

కూడలిలో రెండు బళ్లు గుద్దుకుంటే ఇద్దరూ చెప్పేది ఒకటే మాట: "నాకు గ్రీన్ సిగ్నలే ఉంది." చూసినవాళ్లు పోలీసులు, కోర్టులు మనకెందుకని జారుకుంటారు. అప్పుడు మిగిలే సాక్షి ఆ చిన్న కెమెరా. కానీ దాన్ని అడ్డదిడ్డంగా బిగిస్తే అదే ప్రమాదం తెచ్చిపెడుతుంది. డ్రైవరు చూపుకు అడ్డొస్తుంది, వేలాడే వైరు గేరు దగ్గర చుట్టుకుంటుంది, ఆగి ఉన్న కారులో దొంగ కంటపడుతుంది. అందుకే కనబడకుండా అమర్చుకోవాలి.

ముందు చోటు చూద్దాం. లోపలి మిర్రర్ వెనక, ఎడమవైపు సరైన స్థలం. డ్రైవరు సీటులో కూర్చుంటే మిర్రర్ చాటున ఉండిపోతుంది. వైపర్ తుడిచే భాగంలోనే ఉండాలి, లేకపోతే వానలో ఏమీ రికార్డు కాదు. కారుకు వాన సెన్సరు, కంపెనీ బిగించిన కెమెరా ఉంటే వాటిని కప్పకూడదు. అద్దం పైఅంచున నల్ల చుక్కలుండే చోట టేపు సరిగా పట్టదు, అక్కడ వద్దు. అద్దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక టేపు అంటించి గట్టిగా అదమండి. వీలైతే ఒక రోజు ఆగి కెమెరా తగిలించండి. కొనేటప్పుడే లోపల లిథియం బ్యాటరీ బదులు సూపర్ కెపాసిటర్ ఉన్న మోడల్ అడగండి. మే నెల విజయవాడ ఎండలో తలుపులు మూసి నిలిపిన కారులో చిన్న బ్యాటరీలు ఉబ్బిపోతాయి.

ఇక వైరు. అద్దానికీ పైకప్పు గుడ్డకూ మధ్య ఉన్న సందులోకి వేలితో నెడితే లోపలికి వెళ్లిపోతుంది. అక్కడినుంచి పక్క పిల్లర్ దాకా తెచ్చి, తలుపు రబ్బరు బీడింగ్ కిందుగా దించాలి. ఇక్కడ మాత్రం దయచేసి జాగ్రత్తగా వినండి. ఇప్పుడు చాలా కార్లలో పైకప్పు అంచు వెంబడి కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటున్నాయి. పిల్లర్ ప్లాస్టిక్ మీద 'ఎయిర్‌బ్యాగ్' అనో 'ఎస్.ఆర్.ఎస్.' అనో ముద్ర ఉంటుంది. వైరు ఎయిర్‌బ్యాగ్ ముందునుంచి అడ్డంగా పోకూడదు. దాని వెనకనుంచి, కారులో ముందే ఉన్న వైర్ల కట్టతో కలిపి పోవాలి. రెప్పపాటుకన్నా ముందే విచ్చుకునే సంచికి వైరు అడ్డుపడితే, అద్దం పక్కన కూర్చున్న పిల్లవాడి తల ఏమవుతుందో ఆలోచించండి. ఈ పనిమీద నమ్మకం లేకపోతే సర్వీస్ సెంటర్‌లోనే చేయించండి.

కరెంటు తీసుకోవడానికి రెండు దారులున్నాయి. కారు నడిచేటప్పుడు రికార్డయితే చాలనుకుంటే 12 వోల్టుల సాకెట్ సరిపోతుంది. ఆగి ఉన్నప్పుడు కూడా కాపలా కావాలంటే హార్డ్‌వైర్ కిట్ పెట్టాలి. అందులో సాధారణంగా మూడు వైర్లుంటాయి. ఒకటి ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజుకు, ఒకటి తాళం తిప్పితేనే కరెంటొచ్చే ఫ్యూజుకు, మూడోది బాడీ లోహపు బోల్టుకు ఎర్త్‌గా వెళ్తాయి. ఏ ఫ్యూజు ఏదో మల్టీమీటర్‌తో చూసుకోండి. కారు వైర్లను కోసి అతకవద్దు, ఫ్యూజు ట్యాప్ వాడండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ కంట్రోల్ ఫ్యూజుల జోలికి అసలు పోవద్దు.

మనకు తెలిసిన భాషలో చెప్తాను. ఆగి ఉన్న కారు బ్యాటరీ అంటే జమల్లేని ఖాతా, విత్‌డ్రాయల్సే ఉంటాయి. కెమెరా 250 మిల్లీఆంపియర్లు లాగుతుందనుకుంటే రోజుకు 6 ఆంపియర్-అవర్లు. చిన్న కారు బ్యాటరీ 35 అనుకుంటే, మూడు రోజుల పండగ సెలవుల్లో సగం ఖర్చు. అందుకే కిట్‌లో వోల్టేజి కటాఫ్ ఉండాలి. దాన్ని 12.2 వోల్టుల దగ్గర పెడితే అదే కనీస నిల్వ. అంతకు తగ్గితే కెమెరా ఆగిపోతుంది, కారు మాత్రం స్టార్టవుతుంది.

ప్రమాదం జరిగితే ఏం చేయాలి? కార్డు నిండాక కెమెరా పాత రికార్డింగుల మీదే కొత్తవి రాస్తుంది. కాబట్టి వెంటనే లాక్ బటన్ నొక్కండి లేదా కెమెరా ఆపి కార్డు తీసి దాచండి. ఆ కార్డును కత్తిరింపులు లేకుండా ఉన్నదున్నట్టు ఉంచండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి రికార్డు ప్రతిని కోర్టుకిచ్చేటప్పుడు ధ్రువపత్రం జతచేయాలి. కెమెరాలో తేదీ, సమయం సరిగా లేకపోతే అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. నెలకోసారి చూసుకోండి.

చివరగా బ్యాంకు కుటుంబాలకు ఒక ప్రత్యేకమైన మాట. డ్యాష్ క్యామ్‌కు మైకు కూడా ఉంటుంది. ఖాతాదారుల లోన్ల సంగతి, బ్యాలెన్సుల సంగతి మనం కారులో ఫోనులో మాట్లాడుతుంటాం. ఆ గోప్యత మన ఉద్యోగ ధర్మం. మైకు ఆపేసి ఉంచండి. దొంగకు కనబడకుండా అమర్చమన్నాను గానీ, కారెక్కిన చుట్టాలకు, డ్రైవరుకు తెలియకుండా అనలేదు. "కెమెరా ఉంది" అని వాళ్లకు చెప్పండి. ఎవరో రోడ్డుమీద పడిపోయిన వీడియోను కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో తిప్పవద్దు. ఇంకో సంగతి, అది మన వేగాన్ని కూడా రాస్తుంది!

టీ విరామంలో నా కారు తలుపులు తీసి ఉంచుతాను. కెమెరా వైరు ఎక్కడినుంచి ఎక్కడికి పోయిందో పిల్లలు వెతికి చెప్పాలి. ప్రశ్నలుంటే అక్కడే అడగండి.